నల్లా వేళకు తెమడ డబ్బా

చిలకలగూడలో ఒక ఇంటి మేడమీది గదిలో రెండేళ్లు అద్దెకున్నాను. అక్కడుండగానే నాకు టీబీ వచ్చింది. మందులు మొదలుపెట్టి రెండు నెలలు దాటింది, ఇక నా వల్ల ఎవరికీ అంటదని డాక్టరు కూడా చెప్పాడు. అయినా నా మందుల సంచీ కంటపడిన మర్నాడే మా ఓనరు నా గిన్నెలూ చాపా తెచ్చి గల్లీలో పడేశాడు. సరిగ్గా నల్లా నీళ్లు వచ్చే వేళ. బిందెలతో వరసలో నిలబడ్డ ఆడవాళ్లందరి ముందూ, "టీబీ పెట్టుకొని చెప్పకుండ ఉంటవా? జెర సిగ్గుండాలె," అన్నాడు. గిన్నెలు ఏరుకుని నేరేడ్‌మెట్‌లో మా అక్క ఇంటికి పోయాను. అవి రోడ్డు మీద పడ్డ చప్పుడు పదేళ్లయినా చెవుల్లోంచి పోలేదు.

తర్వాత నాకు దొరికిన ఉద్యోగం కూడా టీబీదే. జబ్బుండీ బయటపడని వాళ్లు ఎంతమందో తెలుసుకునే ఒక పరిశోధన అది. ఇంటింటికీ తిరిగి, రెండు వారాలు దాటి దగ్గుతున్న వాళ్ల తెమడ డబ్బాలో పట్టి ల్యాబుకు పంపడం నా పని. పోయిన ఏడాది నాకిచ్చిన జాబితాలో ఆ గల్లీ కనిపించింది. దేవుడున్నాడు అనుకున్నాను.

ఓనరే తలుపు తీశాడు. చిక్కి సగమయ్యాడు. నన్ను గుర్తుపట్టలేదు. "నెల సంది గిట్లనే దగ్గు ఉందమ్మా, మస్తు తక్లీఫ్ అయితుంది," అన్నాడు. తెమడ మూసిన గదిలో తీయకూడదు, గాలాడే చోట తీయాలి, నలుగురికీ తెలియకుండా తీయాలి అని మాకు శిక్షణలో చెప్పారు. డాబా మీదికి పంపితే సరిపోయేది. చివరి మాట మాత్రం కావాలనే మరిచిపోయాను.

"పొద్దుగాల లేవంగనే వచ్చే తెమడ కావాలె అంకుల్. రేపు ఏడింటికి వస్త," అన్నాను. ఏడింటికి నల్లా వస్తుంది. రెండేళ్లు బిందెలు మోసినదాన్ని, నాకు తెలియదా?

మర్నాడు ఆయన్ని గుమ్మం దింపి గల్లీ నడుమ నిలబెట్టాను.

"ఈడనా? అందరు చూస్తున్నరమ్మా."

"రూల్ అంకుల్. టీబీ టెస్ట్ బయటనే చేయాలె," అని అందరికీ వినబడేలా అన్నాను.

బిందెల వరస మొత్తం కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. ఆయన వంగి, రొప్పుతూ, డబ్బాలో ఉమ్మాడు. మూత నేనే బిగించాను. అప్పుడు చెప్పాను నేనెవరో. ఆయన తల దించుకున్నాడు. నా కడుపు చల్లబడింది. ఇప్పటికీ తలుచుకుంటే తృప్తిగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

తలెత్తి చూస్తే నేనున్న పాత గది కిటికీలో ఒక అమ్మాయి. బోయిన్‌పల్లి మార్కెట్లో పనిచేసే పిల్లట, కొత్తగా అద్దెకు దిగింది. చున్నీ నోటికి అదుముకుని దగ్గుతోంది. నేను చూడగానే కిటికీ మూసేసింది.

ఓనరుకు టీబీ ఉందని తేలింది. మందులు వాడి కోలుకున్నాడు. ఆ గల్లీలో మాత్రం ఇంకెవరికీ దగ్గు లేదు. ఏ తలుపు తట్టినా "మా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు" అనే మాటే. మేడమీది గదికి మూడుసార్లు పోతే తలుపే తీయలేదు. నాలుగోసారి తలుపు సందులోంచి మొహం కనిపించింది. చెంపలు పీక్కుపోయాయి.

"నాకేం లేదక్కా," అంది, దగ్గు బలవంతంగా ఆపుకుంటూ.

"డాబా మీదనే తీద్దాం బిడ్డా. ఎవ్వరికీ తెల్వనియ్య."

ఆమె నా చేతిలోని డబ్బా వంక చూసింది. "అంకుల్‌ను నిలబెట్టినట్టు నన్ను సుత నిలబెడ్తవు. నేను చూసిన."

లోపల గడియ పడింది. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. తలుపు వెనక దగ్గు చాలాసేపు వినబడింది.