అరచేతిలో నేల

సీతమ్మధార ఆస్పత్రిలో ఆయా చిలకమ్మకు పరవాడ దగ్గర అరెకరం వంగతోట ఉంది. ముప్పై ఏళ్లుగా పిడికెడు మట్టి పిసికి, వాసన చూస్తేగానీ నీళ్లు పెట్టేది కాదు. నెల కిందట వ్యవసాయశాఖవాళ్లు వచ్చి తోటలో తేమ కొలిచే పుల్ల పాతారు. చిన్న బ్యాటరీతోనే అది కొండమీది టవరుకు కబురు పంపితే, అక్కణ్ణుంచి ఆమె ఫోనుకు అందుతుంది. "పుల్లకేటి తెలుస్తాది?" అని తీసిపారేసింది.

ఈ మధ్యాహ్నం ఆస్పత్రి బయట ఎండ ఫెళ్లున కాస్తుంటే, ఫోనులో పద్దెనిమిది శాతమున్న తేమ ఇరవై ఆరుకెక్కింది. తోట దగ్గరున్న మొగుడు గురునాథరావుకి ఫోను చేసింది.

"మోటారేసినావేటి?"

"మోటారెందుకే, ఇక్కడ వాన దంచేత్తంది."

చిలకమ్మ మళ్లీ ఫోనులో అంకె చూసింది. ముప్పై. ముప్పైమూడు. అంత దూరాన తన నేల గుటకలేస్తుంటే ఇక్కడ అరచేతిలో కనబడుతోంది.

ఫినాయిల్ చేతులతోనే ఫోనును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.