మెడ మీది నలుపు

పటాన్‌చెరు రంగుల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో నా మెడ వెనక నల్లబడితే, రంగుపొడి అంటిందనుకుని ఆరు నెలలు పీచుతో రుద్దిన తెలివి నాది. చర్మం మండిందేగాని నలుపు పోలేదు. తలలోని మట్టీ పోలేదు.

చివరికి కటింగ్ షాపాయన కత్తెర ఆపి, "మురికి కాదు సారూ. షుగర్ వచ్చే ముందు కొందరికి మెడ గిట్లనే నల్లగైతది. మస్తు మెడలు సూసిన. జల్దీ రక్తం సూపించుకోండ్రి" అన్నాడు.

పరీక్షలో షుగర్ అంచు మీదే దొరికింది. చక్కెర మాని, నడక పట్టి వెనక్కి నెట్టాను. సూది గుచ్చకుండానే నా రక్తం చదివిన ఆ కళ్లకు ఇప్పటికీ దండం పెడతాను.

అయినా నాతో చక్కెర మాన్పించినందుకు ఊరికే వదల్లేదు. చాయ్ పడనిదే కత్తెర పట్టని ఆయన్నీ ఒకనాడు పరగడుపున అదే పరీక్షకు లాక్కెళ్లాను. "ఏంది సారూ, చాయ్ లేక పానం పోతున్నది!" అని మొత్తుకుంటుంటే, పక్కన నిలబడి హాయిగా విన్నాను.