విప్పేసిన స్టార్టరు

వీధిలో అందరూ ఆయన్ని రయ్యన్న అంటారు. అంబులెన్సు డ్రైవరు. ఫోను మోగితే చాలు, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే రయ్యిమని వెళ్ళిపోతాడని ఆ పేరు. "రాలేను" అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు. అదే కొంప ముంచింది.

బండి స్టార్టరు కొన్నాళ్ళుగా మొరాయిస్తోంది. తాళం తిప్పితే టక్కుమంటుంది, అంతే. కిందికి దూరి రాడ్డుతో రెండు దెబ్బలు వేస్తే అప్పుడు తిరుగుతుంది. ఆఫీసులో చెబితే బండిని షెడ్డులో పెడతారు, తన పిలుపులన్నీ ఇంకొకడికి పోతాయి. అందుకని ఈ మహానుభావుడు ఏం చేశాడయ్యా అంటే, డ్యూటీలో ఉన్నంతసేపూ ఇంజను ఆపడమే మానేశాడు! ఆసుపత్రి ముందైనా, టీకొట్టు ముందైనా బండి గురగురలాడుతూనే ఉండేది.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. "అన్నయ్యా, పిల్లకి జ్వరం, ఇప్పుడే కునుకు పట్టింది. ఆ మోత కాస్త ఆపవా?" అంది పక్కింటావిడ గోడ మీంచి. కాదనలేక ఆపేశాడు. తిని వచ్చి తాళం తిప్పితే టక్కు. రాడ్డుతో కొట్టాడు. మళ్ళీ టక్కు. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టినా లాభం లేకపోయింది.

హెడ్‌లైట్లు వేసి, భార్యని బండి ముందు నిలబెట్టి తాళం తిప్పాడు.

"వెలుగు తగ్గిందా?"

"లేదు. ఎలా ఉందో అలాగే ఉంది."

తగ్గి ఉంటే బ్యాటరీ మీద అనుమానపడొచ్చు. తగ్గలేదంటే స్టార్టరు మోటారు కరెంటు లాగడమే లేదు. ఇన్నాళ్ళూ దెబ్బలకి తిరిగిందంటే లోపల మోటారుకి కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు అరిగిపోయాయన్నమాట. కొత్తవి తెచ్చి అలమారలో పెట్టి ఎన్నాళ్ళో అయింది, వేసే తీరికే లేదు దొరగారికి.

"ముందు ఆఫీసుకి చెప్పండి," అంది భార్య.

"అరగంట పని. ఈ వేళప్పుడు ఎవరు పిలుస్తారే?"

బ్యాటరీ వైరు తీసి, బోల్టులు విప్పి, స్టార్టరుని వరండాలో పాత దుప్పటి మీద పెట్టాడు. వెనక మూత తీస్తే నల్లటి పొడి రాలింది. ఒక బ్రష్షు గోరంత మిగిలింది. గరుకు కాగితంతో లోపలి రాగి పట్టీల మీద మసి రుద్ది, కొత్త బ్రష్షులు ఒక్కొక్కటే స్ప్రింగుల కింద కూర్చోబెడుతున్నాడు. అప్పుడు మోగింది ఫోను. మసి చేతులతో స్పీకరు నొక్కాడు.

"అన్నా, మిల్లు వెనక వీధి. పెద్దాయనకి గుండెనొప్పి, చెమటలు పట్టేశాయట," అంది ఆఫీసులో ఫోన్లు చూసే అమ్మాయి. "ఎంతసేపట్లో వెళ్తారు?"

కళ్ళ ముందు స్టార్టరు ముక్కలు ముక్కలుగా పడి ఉంది. నోరు మాత్రం తన అలవాటు మానలేదు.

"పది నిమిషాలమ్మా."

ఫోను పెట్టి గబగబా మిగతా బ్రష్షులు నొక్కబోయాడు. స్ప్రింగొకటి జారి, ఎగిరి ఎక్కడో పడింది. ఇద్దరూ నేల మీద పాకుతూ వెతికారు. చెప్పుల కింద లేదు, బకెట్టు వెనక లేదు.

"ఇక్కడే ఉంటుంది, ఎక్కడికి పోతుంది..."

ఆవిడ చటుక్కున లేచి నిలబడింది. "సిగ్గులేదూ మీకు? అక్కడ ఆయన పెళ్ళాం గుమ్మంలో నిలబడి మీ బండి కోసం చూస్తూ ఉంటుంది. మీరు రారని తెలిస్తే ఇంకెవరి కాళ్ళో పట్టుకుంటుంది కదా! చెప్పండి!"

రయ్యన్న వెతకడం ఆపి లేచాడు. ఫోను తీశాడు.

"అమ్మా... నేను రాలేను. స్టార్టరు విప్పేశాను. వేరే బండి పంపు, తొందరగా!"

"అయ్యో అన్నా! ఆ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా!" అని పెట్టేసింది.

స్ప్రింగు దుప్పటి మడతలో దొరికింది. అన్నీ బిగించి తాళం తిప్పితే ఒక్క ఊపున అందుకుంది ఇంజను. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేవాడు. ఇవాళ ప్రాణం ఉసూరుమంది. మసి చేతులతోనే మెట్టు మీద కూలబడ్డాడు. ఆ పెద్దాయన ఎలా ఉన్నాడో అడగాలని ఉంది, అడగడానికి భయంగానూ ఉంది. ఫోను మోగితే ఎత్తలేకపోయాడు. భార్యే ఎత్తి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"మనిషి దక్కాడన్నా, వెంట్రుకవాసిలో," అంది ఆ అమ్మాయి. "బండి ఎందుకు ఆలస్యమైందని పెద్దసారు అడుగుతున్నారు. దారిలో ట్రాఫిక్కని చెప్పేస్తాలే. మీ పేరు ఎందుకు పాడవ్వాలి?"

"వద్దమ్మా," అన్నాడు రయ్యన్న. "ఫోను సారుకే ఇవ్వు. అబద్ధమాడింది నేను."