నాలుగున్నరకు లేచిన పిల్ల, తొమ్మిదింటి పరీక్ష

ఒక పిల్ల గురించి ‘సహకరించలేదు’ అని రాసేముందు, ఆ పిల్ల ఆ కుర్చీ దాకా ఎలా వచ్చిందో అడగాలా, అక్కర్లేదా? పదకొండేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దుబాయ్‌లో ఒక స్కూల్లో, చదువులో ప్రత్యేక సాయం కావలసిన పిల్లల విభాగంలో పనిచేస్తాను. ఎవరిని చేర్చుకోవాలన్న ఫైళ్లు నా బల్ల మీదికే వస్తాయి. ఆ మాట నేనూ చాలాసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ చెయ్యి ఒక క్షణం ఆగేది. ఆగి, మళ్ళీ సాగేది.

మొన్న మార్చిలో సుజాత ఒక రిపోర్టు ఫొటో పంపింది. సుజాత నర్సు, నర్సాపురం దగ్గరి పిల్ల. కొన్నేళ్ల కిందట దుబాయ్‌లో నాకు ఆపరేషన్ అయినప్పుడు చూసుకున్నది తనే. ఇప్పుడు దుబాయ్ నుంచి బస్సులో రెండు గంటల పైన పట్టే రాస్ అల్ ఖైమా దాటి ఇంకా ఉత్తరాన, కొండల కింద ఒక చిన్న క్లినిక్‌లో ఉద్యోగం. భర్త కువైట్‌లో. కూతురు బ్లెస్సీకి ఆరేళ్లు, మాటలు నెమ్మది. రాస్ అల్ ఖైమా టౌన్లో పాప చదివే స్కూలు వాళ్ళు దుబాయ్‌లోని ఒక సెంటర్లో పరీక్ష చేయించి రిపోర్టు తెమ్మన్నారు. తెచ్చింది. అందులో ఉన్నది ఒకటే ముక్క: సహకరించలేదు. రెండోసారీ అదే వస్తే వచ్చే ఏడాది సీటు ఉండదని స్కూలు చెప్పేసింది.

ఆ సెంటర్ అడ్రసు చూశాక నాకు ఒళ్ళు మండింది. కరామాలో మా ఫ్లాటుకి పది నిమిషాల నడక. వాళ్ళ వెబ్‌సైట్‌లో ‘అందరికీ అందుబాటులో’ అని పెద్ద అక్షరాలు. అందరూ అంటే నేనన్నమాట.

రెండో పరీక్ష మంగళవారం ఉదయం తొమ్మిదింటికి. ముందురోజే వచ్చి మా ఇంట్లో పడుకోండి అన్నాను. “సోమవారం రాత్రి ఎనిమిదింటి దాకా డ్యూటీ అక్కా. ఆ తర్వాత ఇక్కణ్ణుంచి బస్సు లేదు,” అంది. సెంటర్‌కి ఫోన్ చేస్తే మధ్యాహ్నాలు రెండు నెలల దాకా ఖాళీ లేవన్నారు. సరే, వాళ్ళ వైపు నుంచే ఆ దారి చూద్దామని నేనే బయల్దేరాను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి దుబాయ్ యూనియన్ బస్ స్టేషన్లో రాస్ అల్ ఖైమా బస్సు ఎక్కాను. టికెట్ ముప్పై దిర్హాముల లోపే, ఏసీ బాగానే ఉంది. ఐదుంపావుకి దిగి, అక్కడి లోకల్ బస్సులో ఇంకో యాభై నిమిషాలు. బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి సుజాత ఇంటికి కొండ వైపు ఆరు కిలోమీటర్లు. టాక్సీ కోసం ముప్పావుగంట నిలబడ్డాను. నలభై ఏళ్లు దాటిన మనిషిని, ఒంట్లో ఓపిక ఉన్నదాన్ని. అయినా ఇల్లు చేరేసరికి ఎవరు పలకరించినా కసురుకునేట్టు ఉన్నాను. ఆ సమయంలో నాకెవరైనా బొమ్మలు చూపించి ఇదేమిటి అని అడిగితే, నేను సహకరించేదాన్నా?

తెల్లవారుజామున నాలుగున్నరకు సుజాత పాపను లేపింది. గౌను తొడిగింది, జడ వేసింది, సంచిలో ఇంకో గౌను పెట్టింది. పాలు మాత్రం ఇవ్వలేదు.

“ఇస్తే సగం దారిలో ఉమ్ అల్ క్వైన్ దాకా కూడా కడుపులో ఆగవక్కా. పరీక్షయ్యాక పెడతాను,” అంది, తనేదో తప్పు చేస్తున్నట్టు.

ఐదింటికి యాదగిరి పికప్ వచ్చింది. ఆయనది జగిత్యాల వైపు. దగ్గర్లోని కంకర క్రషర్లో డ్రైవరు. పొద్దున డ్యూటీకి పోతూ వీళ్ళను మెయిన్ రోడ్డు దాకా ఊరికే దింపుతాడు.

“ఏం మేడం, దుబాయ్‌ల ఏసీ కింద కూసుండెటోళ్ళు గీడికొచ్చిన్రు. తొవ్వ తప్పిన్రా?” అన్నాడు నన్ను చూసి.

“తప్పలేదన్నా. ఈ పాప పరీక్షకి వెళ్తున్నాం.”

“గీ పోరికి మాటలు రావంటున్రట గదా. నిన్న నా బండిల కూసోని నన్నే తిట్టింది. స్పీడు పోతున్ననట.”

“యాదన్నా, మెల్లగా,” అంది బ్లెస్సీ వెంటనే. ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది, కానీ వచ్చింది.

“జూసిన్రా? మా ముదీర్‌కన్న, గదే మా మేనేజర్‌కన్న, ఈమెకే ఎక్కువ భయపడ్త నేను. యల్లా, దిగుండ్రి, బస్సొస్తది.”

లోకల్ బస్సు ఐదూ ఇరవైకి. రాస్ అల్ ఖైమాలో ఆరున్నరకి దుబాయ్ బస్సు. మొదటి అరగంట పాప నా ఒళ్ళో కూర్చుని ఒక మేక కథ చెప్పింది. క్లినిక్ వెనక్కి కొండ మేక వస్తుందట. మందుల అట్టపెట్టెలు తింటుందట. “దానికి... జ్వరం... రాదు. మందు... తింది కదా,” అంది. నేను గట్టిగా నవ్వితే మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఉమ్ అల్ క్వైన్ దాటకముందే ఖాళీ కడుపుతోనే వాంతి చేసుకుంది. షార్జా దగ్గర ట్రాఫిక్. యూనియన్ చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. అక్కడి వాష్‌రూమ్‌లో గౌను మార్చి, మెట్రోలో బుర్జుమాన్ స్టేషన్ దాకా వచ్చి, పాపను ఎత్తుకుని దాదాపు పరిగెత్తాం.

సెంటర్లో అడుగుపెట్టేసరికి తొమ్మిదీ ఇరవై. నలభై నిమిషాల పరీక్షలో ఇరవై పోయాయి. “రూల్ మేడం,” అంది రిసెప్షన్ అమ్మాయి, తలెత్తకుండా. నాలుగున్నర నుంచి నడుస్తున్న ప్రయాణానికి ఆ రూల్లో ఒక్క నిమిషం చోటు లేదు.

పరీక్ష చేసే అమ్మాయి మలయాళీ, నెమ్మదస్తురాలు. కార్డులు ఒక్కొక్కటే చూపించింది. మూడో కార్డు మేక. బ్లెస్సీ దాన్ని చూసింది, నావైపు చూసింది, బల్ల మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. ఆ అమ్మాయి పెన్ను అందుకుంది. ఏం రాయబోతోందో నాకు అక్షరాలతో సహా తెలుసు.

“ఈ పాప నాలుగున్నరకి లేచింది. ఏమీ తినలేదు. మూడు బండ్లు మారి, మెట్రో ఎక్కి వచ్చింది. అది కూడా రాయండి,” అన్నాను ఇంగ్లీషులో. నా గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

“నిజమే మేడం. కానీ ఫారంలో దానికి గడి లేదు.”

సుజాత నా చెయ్యి నొక్కింది. “వద్దక్కా, గొడవైతే స్కూలుకి చెప్తారు.”

మా ఫారంలో కూడా ఆ గడి లేదు. మా ఫారం తయారుచేసింది నేనే. ఆ అమ్మాయి పక్కన ఖాళీ జాగాలో చేత్తో రాసింది: ఉదయం నాలుగున్నరకు లేచింది, మళ్ళీ పరీక్షించాలి. మళ్ళీ అంటే రెండు నెలల తర్వాత. సీటు ఉంటుందా అని సుజాత స్కూలుకి ఫోన్ చేస్తే, ‘చూద్దాం’ అన్నారు.

కరామాలో ఒక కేఫ్‌లో ఇడ్లీ పెడితే బ్లెస్సీ నాలుగు తిని, వెయిటర్‌కి మేక కథ మొత్తం చెప్పింది. మధ్యాహ్నం వాళ్ళను యూనియన్లో బస్సెక్కించడానికి వెళ్ళాను. లైన్లో నిలబడి, నావైపు చూడకుండా సుజాత అడిగింది.

“అక్కా, మీ దగ్గర ఒక గది ఖాళీగానే ఉంది కదండీ. బ్లెస్సీని ఉంచుకుంటారా? మీ స్కూల్లోనే సీటు చూడండి. సెలవు రోజు నేను వచ్చి చూసుకుంటాను.”

నేను పాప జడ రిబ్బను సరిచేస్తూ ఉన్నాను. బస్సొచ్చింది.

అప్పటినుంచీ నా కోపం పోలేదు. సుజాత మీద కాదు. కొండ కింద జనానికి సూదులు వేయడానికి ఒక తల్లిని అంత దూరం పంపగలిగినప్పుడు, నెలకొకసారి కార్డుల పెట్టె పట్టుకుని ఒక మనిషి అక్కడికి వెళ్ళలేదా? ఉత్తరాన ఉన్నందుకు పిల్లను వదులుకోవాలా? మా ఫారంలో ‘ఇంటి నుంచి ఎంతసేపు ప్రయాణం’ అని ఒక గడి చేర్చాను. ఎందుకిది అని పైనుంచి అడిగారు. ఇంకా తీసేయలేదు.

ఇలాంటి పరీక్షకి దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. ఎవరూ అడగకపోయినా, ఫారం పైన ఖాళీలో పిల్ల లేచిన సమయం, మారిన బస్సులు, తిన్నదీ తిననిదీ మీ చేత్తో రాసి, ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక ఆ గది సంగతి. ఇక్కడికి వస్తే ఆ పిల్లకి సీటు దొరకవచ్చు, కానీ మేకా యాదన్నా తల్లీ లేని చోట ఆ నాలుగు మాటలూ మిగులుతాయా? తేకపోతే, అక్కడి సీటూ పోతే, ఆ మాటల్ని ఎవరు వింటారు? సుజాతకి నేనింకా జవాబు చెప్పలేదు. ఏం చెప్పాలో ఇవాళ్టికీ నాకు తెలియడం లేదు.