చెప్పుల దగ్గర పెట్టించిన సంతకాలు

నర్సీపట్నం బజారులో ముప్ఫైముగ్గురు వ్యాపారుల చేత పావుగంటలో తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టించిన మొనగాడు ఇంకొకడుంటే చూపించండి. పైన ఒక్క అక్షరం లేదు. ఉల్లిపాయల బస్తాని నాలుగు చోట్ల కెలికి చూస్తేగానీ కొనని మనుషులు వాళ్లు. వాళ్లకి పెన్ను అందించింది నేనే. మొదటి సంతకమూ నాదే.

మా మసీదులో పద్ధతి అలా ఉండేది. శుక్రవారం షట్టరు సగం దించి జుమ్మా నమాజుకి వెళ్తాం. నమాజు అవగానే గిరాకీ గుర్తొస్తుంది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే కమిటీవాళ్లు అట్ట మీద కాగితం పెట్టి ఎదురొస్తారు. ఒక కాలు చెప్పులో, ఒక కాలు మెట్టు మీద, సంతకం. తీర్మానం ఏమిటన్నది తరవాత తీరిగ్గా సంతకాల పైన రాసుకుంటారు. ఏ సున్నం వేయించడమో, కుళాయిలు మార్చడమో అయ్యుంటుందని మా నమ్మకం. నమ్మకం అనకూడదు, బద్ధకం.

ఆ రోజుల్లోనే మా ఇమాం గారు నమాజుకి ముందు ప్రసంగంలో ఒక మాటన్నారు. కమిటీ గడువు ఎప్పుడో తీరిపోయింది, అందరినీ పిలిచి ఎన్నిక పెట్టండి, మసీదు షాపు గదులు ఎవరెవరికి ఇచ్చారో గోడ మీద రాయండి అని. అంతే. మర్నాడు సదర్ సాబ్, అంటే మా కమిటీ అధ్యక్షుడు, తన సిమెంటు కొట్టుకి నన్ను టీకి పిలిచాడు.

"మసీదు వరసలో మూల గది కాళీ అవతాది. నీ గురించే ఆలోసిస్తన్నాను."

"పాత అద్దెకేనా, సదర్ సాబ్?"

"పాత అద్దెకే. ఈ శుక్రవారం కాయితం నువ్వు పట్టుకో. నీ మాట బజారు ఇంటాది."

"దాని మీద ఏటి రాస్తారు?"

"నీకు గది కావాలా, సదువు కావాలా?"

గదే అన్నాను. అక్కడితో ఆగానా? వెల్ల కూడా వేయించి ఇవ్వాలని బేరమాడాను. ఆయన ఒప్పుకున్నాడు. గెలిచినవాడిలా ఇంటికి వేడి పకోడీలు పట్టుకెళ్లాను.

శుక్రవారం చెప్పుల దగ్గర కాగితం నేనే పట్టుకున్నాను. ఆ పై శుక్రవారం మసీదు గోడ మీద నోటీసు. "జమాత్ ఏకగ్రీవ తీర్మానం", అంటే మసీదుకొచ్చే మా అందరి మాట, ప్రకారం ఇమాం గారిని తీసేశారు. మసీదు వెనక గది వారంలోగా ఖాళీ చేయాలి. ఆ గదిలో ఆయన, ఆయన భార్య, ఇంకో నెలలో టెన్త్ పరీక్షలు రాయబోతున్న కూతురు. కింద మా సంతకాలు.

"పెద్దోళ్లు ఏదో ఆలోసించే సేసుంటారులే" అన్నారు బజారులో. నాకు సదర్ మీద కంటే ఆ మాట మీదే ఒళ్లు మండింది. అయినా నేరుగా సిమెంటు కొట్టుకే వెళ్లాను.

"ఆయన్ని ఒక్క మాట అడగలేదు. మీటింగు లేదు. ఇదేటి న్యాయం?"

"మొదటి సంతకం నీదే కదా బాబూ" అని సదర్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "వెల్ల వేయించేసాను. సూసుకో."

దాచడమెందుకు, నా చెయ్యి సగం దూరం వెళ్లింది. తిట్టుకుంటూ వెనక్కి లాక్కుని బయటపడ్డాను.

ఇమాం గారు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. ఆ పెట్టెలు మా షాపువే. పొద్దున్న అడిగి పట్టుకెళ్తే, ఎందుకని కూడా అడగకుండా ఇచ్చాను. గోడవారగా ఆ పిల్ల లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తలేదు.

"హజరత్, తప్పయిపోనాది" అన్నాను.

ఆయనది గుంటూరు వైపు. "నా చెవిలో చెబితే ఏం లాభం, భాయ్? సంతకాలు ఎక్కడ పెట్టించారో అక్కడ చెప్పండి, గట్టిగా" అన్నారు. మళ్లీ పుస్తకాలు సర్దుకున్నారు.

గడువు చివరి రోజు శుక్రవారమే. నమాజు అవగానే మెట్టు మీదకెక్కి అరిచాను.

"ఎవులూ సెప్పులెయ్యకండి! ఆ కాయితం నేను పట్టుకొచ్చినప్పుడు ఖాళీది. మూల గది కోసం పట్టుకున్నాను."

వెనక నించి బట్టల కొట్టు పెద్దాయన నవ్వాడు. "నువ్వా సదవకుండా పెట్టింది? పప్పులో రాళ్లేరించి మరీ తూకం ఏయించుకుంటావు!"

"నేను గదికి అమ్ముడైపోనాను మావా. నీకైతే గది కూడా ఇవ్వలేదు. నువ్వెందుకు పెట్టావు?"

పెద్దాయన వేసుకోబోయిన చెప్పు వదిలేశాడు.

"అల్లా ఇంట్లో గోల సేస్తావేటి?" అన్నాడు సదర్.

"అల్లా ఇంటి గోడకే అబద్ధం అతికించారు కదా మీరు!"

ఈసారి కాగితం మీద ముందే రాసి తెచ్చాను. మేం సంతకం చేసినప్పుడు ఆ తీర్మానం కాగితం మీద ఏమీ లేదు, అని. రెండుసార్లు చదివి వినిపించాను. పంతొమ్మిది మంది సంతకం చేశారు. మొదట బట్టల కొట్టాయనే. మిగతా పద్నాలుగు మంది చెప్పులు వేసుకుని షట్టర్లు ఎత్తుకోవడానికి పోయారు. ఆ మధ్యాహ్నమే కాగితం పట్టుకుని వక్ఫ్ వ్యవహారాలు చూసే జిల్లా అధికారి దగ్గరికి బస్సెక్కాం. ఆయన ఇరువైపులవాళ్లనీ పిలిచి విన్నాడు. ఆ తీర్మానం చెల్లదన్నాడు. ఎవరినీ గది ఖాళీ చేయించొద్దనీ, ముందుగా నోటీసిచ్చి రహస్య ఓటుతో ఎన్నిక పెట్టమనీ రాసిచ్చాడు.

ఇక బిల్లు. ఎన్నిక జరిగింది, సదర్ ఓడిపోయాడు. మూల గదికి అందరి ముందు వేలం పెట్టారు. సిగ్గులేకుండా నేనూ పాడాను, దక్కలేదు. ఇప్పుడు తీర్మానం చదివి వినిపించాకే సంతకం. ఇమాం గారి పిల్ల పరీక్షలన్నీ మసీదు వెనక గదిలో చదువుకునే రాసింది. ఇవన్నీ ఆ పంతొమ్మిది మందివి, నా ఖాతాలో వేసుకోను.

పరీక్షలైన మర్నాడు ఇమాం గారు తనంతట తానే వెళ్లిపోయారు. ఉండమని బతిమాలాం. "నా వెనక నిలబడి నమాజు చేసి, గుమ్మం దాటగానే నన్ను తీసేశారు. ఇక మీ ముందు నిలబడలేను, భాయ్" అన్నారు. ఏడేళ్లు మాకు నమాజు చేయించిన మనిషి, ఏ తప్పూ చేయకుండా, ఆటోలో సామానెక్కించుకుని ఊరు విడిచాడు. అది నాది. అందులో సదర్‌కి వాటా వేయను, తగ్గింపు అడగను.