నడుస్తున్న రాజ్యాన్ని వదిలి వెళ్లిన బావ

మొన్న ఆదివారం మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో దాని ఉద్యోగం. రాబోయే యుద్ధపు ఆటల్లో ఏమేం ఉండాలో పాత ఆటగాళ్లను అడిగి రాయించుకోవాలట. "నాన్నా, నువ్వు పురానా ఖిలాడీవి గదా, జర ఈ ఫారం నింపు," అంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, రెండు మూడు భాషలు కలిపితే గాని దానికి మాట పూర్తికాదు. కొత్త ఆయుధాలు కావాలా, మంచు కురవాలా, రక్తం ఇంకా ఎర్రగా కనిపించాలా అని ఫారంలో వరసగా అడిగారు గాని నాకు ఒక్కదానికీ టిక్కు పెట్టబుద్ధి కాలేదు, ఎందుకంటే మనసు అప్పటికే సూరత్‌లో మేముండే లింబాయత్ గల్లీలోని ఆ పాత కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లి కూర్చుంది.

మా అక్క భర్త, నేను ఒకే కార్ఖానాలో అవే ఎనిమిది మరమగ్గాలను నడిపేవాళ్లం. ఆయన పగటి షిఫ్టు, నేను రాత్రి షిఫ్టు. సెలవు రోజున మాత్రం మా పని కంప్యూటర్ సెంటర్‌లో. కోట కట్టి, పొలాలు దున్నించి, సైన్యాన్ని పెంచి శత్రువును గెలిచే ఆట అది, ఇద్దరికీ కలిపి ఒకటే రాజ్యం, పొద్దున బావ ఏలితే మధ్యాహ్నం నేను ఏలేవాణ్ని. ఎనిమిది మగ్గాల మీద ఒకేసారి కన్నేసి ఉంచే మాకు ఎనిమిది బురుజులు కాయడం పెద్ద పనేం కాదు. సైనికుల తిండి గురించి అంతగా ఆలోచించిన ఆ ఆట తయారుచేసినవాళ్లకు బట్ట సంగతి తట్టలేదు, అంత రాజ్యంలో ఒక్క మగ్గమైనా లేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

మూడు నెలలు తంటాలు పడి చివరి కోట దాకా వచ్చాం. ఆ ఆదివారం ఆ కోట పట్టడం నా వంతు. షిఫ్టు మారేటప్పుడు మగ్గం ఆపకూడదన్నది మా కార్ఖానా పద్ధతి. వచ్చేవాడు కనబడగానే దిగేవాడు నడుస్తున్న మగ్గాన్ని అలాగే వదిలి వెళ్తాడు. బావ కిటికీలోంచి గల్లీ చివర నన్ను చూశాడు, మెస్సులో కోడికూర అయిపోతుందన్న తొందరలో ఆటను ఆపకుండానే లేచి పోయాడు. నేనేమో దారిలో మా ఊరాయన కలిస్తే వానలు పడ్డాయా, ఎవరింట్లో పెళ్లి అని అరగంట నిలబడిపోయాను. వెళ్లి చూసేసరికి మా కోట మీద శత్రువుల జెండా ఎగురుతోంది.

తప్పు నీదంటే నీదని మాటలు మానేశాం. మగ్గాల దగ్గర ఎదురుపడ్డా తల తిప్పుకుని పోవడమే, ఏ మగ్గం మీద దారం తెగుతోందో కూడా చెప్పుకోలేదు, అంత మొండితనం ఇద్దరికీ. పది రోజులకు నాలుగో మగ్గం స్తంభం మీద సుద్దముక్కతో బావ రాసింది కనబడింది: "కొత్త కోట షురూ జేసిన. తూర్పు గోడ ఇంక లేవలే. జర చూస్కో." నవ్వాగలేదు నాకు. ఆ కోటతో మేం గెలిచాం కూడా.

ఇప్పుడు మనిషి లేచి వెళ్తే రాజ్యాన్ని కంప్యూటరే కాపాడుతుందని మా అమ్మాయి చెప్పింది. మంచిదే, దానికి కోడికూర తొందర లేదు. అయినా ఎందుకో బావను అడగాలనిపించి ఊరికి ఫోన్ చేశాను. కిందటేడే ఆయన పని మాని వెళ్లిపోయాడు. అంతా విని, "ఆటల ఏం మార్చుడు వద్దు బామ్మర్దీ. నువ్వు మాత్రం దారిల నిలబడకుండ రా," అన్నాడు.

ఫారం చివర ఖాళీగా ఉన్న గడిలో బావ మాటే రాశాను. అప్పట్నుంచి ఇంట్లో ఆడుతూ ఆడుతూ చాయ్ కోసం లేచినప్పుడు నేనూ ఆటను ఆపడం లేదు. ఒకసారి గుమ్మం వైపు చూస్తాను, వచ్చేవాళ్లెవరూ లేరని తెలిసీ.