గుయ్యిమనే వీడియోలో మా చిన్నాయన

లేదు, కరెంటు కొట్టి కాదు. వైర్ల పని చేసేటోడు గదా అని అందరూ అట్లే అనుకుంటాండారు. మొన్న పొద్దున కాఫీ తాగతా రొమ్ము పట్టుకున్యాడు. కొత్తచెరువు ఆస్పత్రికి తీస్కపోయే లోపలే, ఆటోలోనే పోయినాడు మా చిన్నాయన. మైక్‌సెట్టు చిన్నాయన.

నాకు రాసేది సరిగ్గా రాదు, ఆరుతో ఆపేసినా. మాట్లాడేది అంతకన్నా రాదు. అందుకే ఫోన్లో టైపు కొడతాండా.

మైకు కట్టినాక ఆయప్ప హలో హలో అనడు. "అవ్వా, ఇనపడతాందా? మాత్ర ఏసుకున్యావా?" అని వీధి చివరి అవ్వను అడుగుతాడు. ఆమె గడపలోకొచ్చి చెయ్యెత్తితే సౌండు సరిపోయినట్ల.

మైకు వైరంటే ఆయనకు ప్రాణం. దాంట్లో సన్న తీగలతో అల్లిన జాలీ ఉంటాది. పక్కన కరెంటు వైరు పోతాన్నా దాని గోల లోపలికి రానీదు. మామూలు వైరుకు జాలీ ఉండదు, గోలంతా లోపలికి తీసుకుంటాది, బాక్సు గుయ్యిమంటాది.

"నువ్వు జాలీ లేని వైరు రా. ఎవురేమన్నా లోపల పెట్టుకుంటావు" అంటాండె నన్ను.

పోయిన చర్చి పండక్కి జాలీ వైరు పొడుగు చాల్లా. నేను మామూలు వైరు ముక్క అతికిచ్చినా. చూసేకి నీటుగా ఉండల్లని దాన్నీ కరెంటు వైరునూ కలిపి టేపు చుట్టినా. మైకు పెడ్తానే గుయ్యి. పాస్టరు మాట ఒక్కటి గూడా ఇనపళ్ళా.

"ఎవుడప్పా వైరు కట్టింది? తేనెపట్టు గాని పెట్టినాడా?" అని ఎవురో అరిచినారు. అందరూ నగినారు. నేను బాక్సు ఎనక దాంకున్యా.

చిన్నాయన మైకు తీసుకున్యాడు. "నేనే కట్టినా అన్నా. పిల్లోడు వద్దనే అన్యాడు, నేనే ఇనలా."

దిగొచ్చినాక నన్ను ఒక్క మాట అనలా. టేపు ఊడదీసి, రెండు వైర్లనూ ఎడంగా పరిచినాడు. "మూరెడు సందియ్యి రా, సాలు" అన్యాడు, అంతే.

ఆయన గొంతుండేది ఆ పొద్దు చిన్నమ్మ తీసిన వీడియో ఒక్కదాంట్లోనే. ఎప్పుడూ సెట్టు ఎనకాలే గదా, ఇంక యాడా పడలా. చిన్నమ్మ దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టుకొని ఏడుస్తాండాది. స్టూడియో అన్న ఆ గుయ్యి తీసేసి గొంతు మటుకు ఉంచుతానంటాండాడు. "నువ్వు చెప్పు రా, తీపిద్దామా?" అని చిన్నమ్మ నన్ను అడిగింది. వైరు కట్టింది నేనని ఆమెకు గూడా తెలీదు.

గుయ్యి తీసేస్తే, ఆయప్ప "నేనే కట్టినా" అని యాటికన్యాడో ఎట్ల తెలుస్తాది?